అక్షరం పొల్లు పోలేదు

హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట ఒక కాలు తీపినీళ్ళల్లో, ఒక కాలు ఉప్పునీళ్ళల్లో పెట్టి, తూర్పుకి తిరిగి నిలబడి చెబుతున్నాను: ఈ రాసేదంతా నిజం. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ జన్మకి బందరు హల్వా నా నోటికి అందకుండా పోవుగాక. గుడివాడలో నన్నెరిగినవాళ్ళు ఈపాటికి నవ్వడం మొదలెట్టి ఉంటారు. మా రైసుమిల్లులో పందికొక్కు ఒకటి తిని తిని నిద్రపోతుంటే, ధాన్యం బస్తా అనుకుని కాటా ఎక్కించారని నేను చెప్పిన సంగతి వాళ్ళింకా మర్చిపోలేదు. అది మిల్లు వ్యవహారం. ఇది చదువు వ్యవహారం. చదువు దగ్గర నేను అబద్ధమాడను.

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు మాట. మా అక్కయ్య మొగుడు, అంటే మా బావ, బందరులో ఒక కాలేజీలో ఇంగ్లీషు ట్యూటరు. ఏటేటా వేసవి సెలవులకి ముందు, మళ్ళీ వేసుకుంటారో లేదో అని గుండెలు చిక్కబట్టుకోవాల్సిన ఉద్యోగం. ఈడేపల్లిలో అద్దె ఇల్లు. ఇంట్లో కుర్చీ లేదు. ఊరొదిలి వెళ్ళిపోతున్న పాదిరీ ఒకాయన సామాన్లు అమ్మేస్తున్నాడని తెలిసి, అక్కయ్య బావని కుర్చీ కొనుక్కురమ్మని పంపింది. బావ గ్రీకు వ్యాకరణం కొనుక్కొచ్చాడు.

"అయితే దీనిమీదే కూర్చోండి" అంది అక్కయ్య.

బావ నిజంగానే కూర్చున్నాడు, ఏళ్ళ తరబడి. చెప్పేవాడు లేడు, దిద్దేవాడు లేడు. తనంతట తనే కూడబలుక్కుని, చివరికి గ్రీకు పద్యాలు పుస్తకం చూసి చదివే స్థితికొచ్చాడు. పొద్దున్నే పంపు దగ్గర పళ్ళు తోముకుంటూ గట్టిగా వల్లించేవాడు. పక్కింటివాళ్ళ గేదె ఆ పద్యాలు వింటేగాని పాలు చేపేది కాదు. బావ మా పుట్టినూరు తోట్లవల్లూరు వైపు ఎవరిదో పెళ్ళికొచ్చిన రోజుల్లో పాలు లేక ఆ పక్కింట్లో కాఫీలు లేవు. నమ్మకపోతే పక్కింటావిణ్ణి అడగండి. ఆవిడిప్పుడు లేదనుకోండి.

ఇంత చదివినా, ఇంకో మనిషి నోట గ్రీకు మాట ఒక్కటి వినలేదు బావ. తను పలికేది సరో కాదో చెప్పే దిక్కు లేదు. ఆయనకి దొరికిన ఆసరా ఒక్కటే, గణాలు. గ్రీకు పద్యం కూడా మనలాగే గురువులతోనూ లఘువులతోనూ నడుస్తుందిట. ఆ సంగతి కనిపెట్టిన రోజున నన్ను గుడివాడ నుంచి పిలిపించి మరీ చెప్పాడు.

"గురువు, లఘువు, లఘువు. భగణం. లేకపోతే రెండు గురువులు. పాదానికి ఆరు గణాలు, ఆఖరిది కాస్త కుంటుతుంది. కందపద్యంలో గణాలేరా ఇవి!"

"యతి ఎక్కడ పడుతుంది బావా?"

"మన యతి వాళ్ళకి లేదు."

"పోనీ ప్రాస?"

"అదీ లేదు."

"పాపం, బొత్తిగా లేనివాళ్ళన్నమాట" అన్నాను. బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ రోజుల్లోనే మద్రాసు నుంచి ఒక పండిత పత్రిక వచ్చింది. అందులో కొత్త పరిశోధన. గ్రీకుల మహాకవి ఒకాయన ఉన్నాడు, గుడ్డివాడంటారు. సముద్రం దాటి చేసిన పెద్ద యుద్ధం గురించి పాడాడు. ఆయన కావ్యాన్ని ఇన్నాళ్ళూ పండితులు ఘంటం పట్టి రాసిన పుస్తకమే అనుకున్నారు. ఇప్పుడెవరో కుర్ర పండితుడు బయల్దేరి, "కాదు, కాదు. అది నోటితో పుట్టిన కథ. వీరుడి పేరొస్తే ఎప్పుడూ అదే బిరుదు, తెల్లవారితే ఎప్పుడూ అవే మాటలు, చూడండి. పుస్తకం ముందు పెట్టుకుని రాసేవాడికి ఈ పని లేదు, పాడేవాడికుంది" అన్నాడట. అనడమే కాక యూరపులో ఎక్కడో కొండల్లోకి వెళ్ళి, ఒంటితీగ వాయిద్యం పట్టుకుని పాడే ముసలాళ్ళని వెతికి పట్టుకున్నాడట.

బావ ఆ వ్యాసం చదివి మంచం మీంచి లేచి నిలబడ్డాడు. మా బావ పుట్టింది వేదపండితుల ఇంట్లో. తాతగారు పుస్తకం ముట్టకుండా వేదం పనసలకి పనసలు చెప్పేవారు. స్వరం తప్పితే లెంపకాయ. అంచేత 'నోటితో వచ్చిన కథ' అన్న మాట చూడగానే బావకి తోచిన అర్థం ఒక్కటే: అక్షరం మారకుండా కంఠస్థం చేసి, తరం నుంచి తరానికి అప్పజెప్పిన కథ. పత్రికలో ఆపైన ఏం రాశారో ఆయన చూశాడు గాని చదవలేదు. తెలిసిన ఊరే కదా అని మైలురాళ్ళు చూడకుండా నడిచినట్టు నడిచాడు.

"మన దగ్గర అలా కథలు చెప్పేవాళ్ళు లేరుట్రా?" అన్నాడు నాతో.

"లేకేం? దివిసీమలో ఒకడున్నాడు. దివిరాజు కథ చెబుతాడు. పుస్తకం లేదు, సంతకం రాదు. ఎన్నిసార్లు చెప్పినా అక్షరం పొల్లు పోదు" అన్నాను.

నేనా మాట అన్నది, కాఫీ బాగుందన్నట్టుగా. పొల్లు పోతుందో లేదో నాకేం తెలుసు? ఆ కథ నేను విన్నది ఒక్కసారే, అవనిగడ్డలో, అదీ సగం. కాని బావ ఆ మాట పట్టుకుని ఒక వ్యాసం రాసి మద్రాసుకి పంపేశాడు.

మద్రాసులో ఒక దొర ఉన్నాడు, గ్రీకు ప్రొఫెసరు. ఈ కొత్త పరిశోధన మన దేశంలో కూడా చేయించాలని ఆయన కోరిక. గ్రీకూ, దేశభాషా రెండూ వచ్చినవాడు ఒకడు ఆయనకి కావాలి. జీతం పెద్దదేం కాదు గాని, ఏటేటా గుండెలు చిక్కబట్టుకోనక్కర్లేదు. అన్నింటికన్నా ముఖ్యం, గ్రీకు మాట్లాడే మనిషి ఎదురుగుండా కూర్చుని ఉంటాడు. బావ ముఖం చూస్తే తెలిసేది, ఆయనకి కావలసింది అదే అని. అక్కయ్యకీ కావాలనే ఉంది. "అక్కడికెళ్తే గ్రీకు మాట్లాడుకోడానికి ఇంకొకళ్ళు దొరుకుతారు. నన్ను వదిలేస్తారు" అనేది.

దొర దగ్గర్నుంచి కబురొచ్చింది. పాత స్తూపాలు చూడటానికి ఇటువైపు వస్తున్నాడట. బందరులో దిగి, అక్షరం పొల్లు పోని ఆ కథకుణ్ణి తన చెవులతో విని, బావ సంగతి అక్కడే తేల్చేస్తానన్నాడు.

నేను వెళ్ళి పులిగడ్డ రేవు దాటి కథకుణ్ణి తీసుకొచ్చాను. నూనె పట్టించిన మీసాలు, చెవులకి పోగులు, భుజాన తంబురా, వేలికి గలగలలాడే అందె. ఆయన వెంట గుమ్మెట వాయిస్తూ వంతపాడే ఇంకో బక్కాయన. "నా బామ్మరిదండి. నేనేం సెప్పినా తందానంటాడు. ఇంకేం రాదు" అన్నాడు కథకుడు. మా బావ నా వైపు చూశాడు. "మాకూ ఒకడున్నాడు" అన్నాడు.

దొర వచ్చేలోగా ఒకసారి కథ విని, పూర్తిగా రాసి పెట్టుకుందామని బావ ఏర్పాటు. మధ్యాహ్నం భోజనాలైన తరవాత వీధి అరుగు మీద మొదలెట్టారు. ఒక పేజీ బావ, ఒక పేజీ నేను రాయాలి. దివిరాజు భార్యని సముద్రం అవతలి దీవి రాజు ఎత్తుకుపోతే, దివిరాజు పడవలు కట్టుకుని వెళ్ళి తెచ్చుకున్న కథ అది. తెల్లవారినప్పుడల్లా ఆయన అందె మోగించి,

"తూరుపు దిక్కున పొద్దు పొడిచెనూ, తుమ్మ మీద కొంగ రెక్క విదిల్చెనూ" అనేవాడు. బామ్మరిది "తందాన తాన" అని గుమ్మెట మీద దరువేసేవాడు. పడవ కదిలినప్పుడల్లా,

"నల్లని పడవ నీట దిగెనూ, నాగుబాములా అలను చీల్చెనూ."

బావ రాస్తూ రాస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. రాజు ఆకలితో దీవిలో దిగితే ఒక పేదరాశి పెద్దమ్మ అటుకులూ మజ్జిగా పెట్టిన ఘట్టం దగ్గర మాత్రం అక్కయ్య లోపల్నుంచి తలుపు చాటుకి వచ్చి నిలబడింది. ఆ పూట ఆవిడ కథకుడికి పెట్టింది అటుకులూ మజ్జిగే.

వారం తరవాత మళ్ళీ పిలిపించాం. రెండోసారి విని, మొదటిదానితో సరిచూసుకుని, పక్కపక్కన పెట్టి దొరకి చూపించాలని. ఈసారి అక్కయ్య పంతం కొద్దీ పెసరట్లు వేసింది. అల్లం పచ్చడి, పైన ఉల్లిపాయలు. కథకుడు మీసానికంటిన పచ్చడి తుడుచుకుని తంబురా అందుకున్నాడు.

పేజీ తిరగకముందే బావ కలం ఆగి ఆగి నడవడం మొదలెట్టింది. మొదటిసారి ఎద్దుబండి మీద రేవుకెళ్ళిన దివిరాజు ఇప్పుడు తెల్లగుర్రం ఎక్కాడు. మొదటిసారి లేని మేనత్త ఒకావిడ ఎక్కణ్ణుంచో ఊడిపడి శకునం చెప్పింది. యుద్ధం పొద్దున మొదలవ్వాల్సింది సాయంత్రం మొదలైంది. ఇక దీవిలో పేదరాశి పెద్దమ్మ రాజుగారి ముందు అరిటాకు పరిచి, నెయ్యి కారుతున్న పెసరట్టు వడ్డించింది. అల్లం పచ్చడితో సహా.

కథ అయింది. బావ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"మొన్న చెప్పిన కథ ఇదేనా?"

"ఇదేనండి పంతులుగోరూ. అచ్చరం పొల్లు పోలేదు."

"మొన్న రాజు బండెక్కాడు. ఇవాళ గుర్రం ఎక్కాడేం?"

కథకుడు బామ్మరిది వైపు చూశాడు. "ఎద్దుకి కాలు పట్టేసిందేమోనండి" అన్నాడు బామ్మరిది.

"పెసరట్టు ఎక్కడిదయ్యా? ఆ కాలంలో ఆ దీవిలో పెసరట్టు ఎక్కడిది?"

"రాజుగోరికి అటుకులు పెడితే బాగుంటాదేంటండీ?"

"బాగుండటం కాదు, మొన్న నువ్వే అటుకులన్నావు! మార్చావు కదా, ఒప్పుకో!"

ఆ మాటకి కథకుడి మీసాలు లేచాయి. "మారిస్తే నా నాలుక తెగిపడాలి. మా అయ్య సెప్పిందే సెప్పాను. మా అయ్యకి ఆళ్ళయ్య సెప్పాడు. దివిసీమలో ఎవుర్నైనా అడగండి. నన్ను అబద్ధాలకోరంటారా? ఇంత పెసరట్టు పెట్టి ఇంత మాటంటారా?" అని తంబురా సంచిలో పెట్టేసుకున్నాడు. బామ్మరిది గుమ్మెట భుజానికి తగిలించుకున్నాడు. నేను చల్లపల్లి బస్సు దాకా వెంటపడి, బతిమాలి, బందరు లడ్డూలు కట్టించి ఇచ్చి, దొరొచ్చే రోజుకి మళ్ళీ వస్తానని మాట పుచ్చుకున్నాను.

తిరిగొచ్చేసరికి బావ అరుగు మీద మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉన్నాడు.

"అయిపోయిందిరా. అక్షరం పొల్లు పోదని నేను రాశాను, ఆయన నమ్మాడు. వచ్చి ఈ పెసరట్టు కథ వింటాడు. నా మొహాన నవ్వి మళ్ళీ రైలెక్కుతాడు."

"గుర్రాన్ని బండి చెయ్యమని నేను చెబుతానులే బావా. పెసరట్టు తీసేయిద్దాం."

"నోర్ముయ్. ఇదంతా నీ పొల్లువల్లే వచ్చింది."

గుమ్మంలో అక్కయ్య చేటతో బియ్యం చెరుగుతోంది. చెరుగుతూనే అంది, "ఏమండీ, పొల్లంటే ఏమిటి?"

బావ విసుగ్గా, "పొల్లంటే పొల్లే. నకారప్పొల్లు. అచ్చు లేని హల్లు. దాని గుర్తు కూడా పోకూడదనే కదా ఆ మాట."

"అది మీకు. బడికెళ్ళారు కాబట్టి. ఆయనకి సంతకమే రాదు, నకారప్పొల్లు ఎక్కడిది? చేను పొల్లుపోయిందంటే మా ఊళ్ళో ఏమిటి అర్థం?"

బావ తలెత్తాడు.

"గింజ పాలు పోసుకోకుండా తాలైపోయిందని" అంది అక్కయ్య. చేట ఎగరేసింది. తాలు గాలికి పోయి, నా చొక్కా మీద పడింది. "ఆయన పాపం అబద్ధం చెప్పలేదు. కథ తాలు పోలేదన్నాడు. రెండుసార్లూ నేను విన్నాను కదా, ఆ అమ్మాయి పడవ దిగి మొగుణ్ణి చూసే చోట రెండుసార్లూ నాకు ఏడుపొచ్చింది. గింజ గట్టిగానే ఉంది. బండెక్కితే ఏం, గుర్రమెక్కితే ఏం?"

 బావ లేచి లోపలికెళ్ళి, ఆ పండిత పత్రిక తెచ్చుకుని, అరుగు మీద వెలుతురున్నంతసేపూ చదివాడు. ఈసారి చదివాడు. సగంలో ఉండగా ఒక్కసారి నవ్వాడు.

"ఏరా, ఇందులో ఉంది. మొదట్నుంచీ ఉంది! ఆ కొండల్లో ముసలాళ్ళు కూడా ఏ ముక్కా మార్చలేదని ఒట్టేశారట. ప్రతిసారీ కథ కొత్తగా అల్లుతారుట. కంఠస్థం చేసి కాదు. పొద్దు పొడిచెనూ, పడవ దిగెనూ అని చేతిలో తయారుగా ఉన్న మాటలుంటాయే, వాటితో అక్కడికక్కడ కడతారుట. ఆ గుడ్డికవీ అలాగే కట్టాడంటున్నారు. నేను దాన్ని మా తాతగారి పనసలు చేశాను."

అప్పుడు రెండు కథలూ నేలమీద పరిచి కూర్చున్నాం, ముగ్గురం. ఇదివరకు తేడాలు వెతికాం. ఇప్పుడు తేడా రానివి వెతికాం. బండి పోయి గుర్రం వచ్చింది గాని, ఎక్కేటప్పటి మాట మారలేదు. మేనత్త కొత్తది గాని, ఆవిడ నోట వచ్చిన శాపనార్థాలు మొదటిసారి వంటలక్క నోట వచ్చినవే. తుమ్మ మీద కొంగ మాత్రం రెండు కథల్లోనూ, ఎప్పుడు తెల్లవారితే అప్పుడు, రెక్క విదిలిస్తూనే ఉంది. కనిపించినప్పుడల్లా అక్కయ్య పసుపు వేలితో గుర్తు పెట్టింది. రాత్రి దీపం ఆర్పేసరికి కాగితాలు వడుగుపిల్లాడి పంచెలా అయ్యాయి.

అయినా బావ బెంగ తీరలేదు. కథ అక్షరం మారదని దొరకి రాసింది రాసినట్టే ఉంది. ఆయన దిగగానే "నేను తప్పు రాశాను" అనాలి. తప్పు రాశానని చెప్పి ఉద్యోగం అడిగినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

ఆ రోజు రానే వచ్చింది. బందరు స్టేషన్లో దొర దిగాడు. నెత్తిన హ్యాటు, చేతిలో కర్ర, ఎర్రటి ముక్కు. జట్కాలో ఈడేపల్లి తీసుకొచ్చాం. దొరకి తెలుగు రాదు కాబట్టి పక్కన కూర్చుని బావ ప్రతి ముక్కా ఇంగ్లీషులో చెబుతున్నాడు. కథకుడు కొత్త పంచె కట్టుకొచ్చాడు. పెసరట్టు తిన్నాడు, తంబురా అందుకున్నాడు.

ఈసారి దివిరాజుకి బండీ లేదు, గుర్రమూ లేదు, పల్లకీ వచ్చింది. మేనత్త చచ్చిపోయింది. నడిసముద్రంలో దారి తప్పితే, ఒక తిప్ప మీద తపస్సు చేసుకుంటున్న మహాముని కనిపించాడు. నెత్తిన బుట్ట బోర్లించినట్టు ఏదో పెట్టుకున్న ముని, ఎర్రముక్కు ముని, సకల భాషలూ వచ్చిన ముని. ఆయన కర్రెత్తి దారి చూపించాడు.

"నల్లని పడవ నీట దిగెనూ, నాగుబాములా అలను చీల్చెనూ."

"తందాన తాన" అన్నాడు బామ్మరిది, దొర హ్యాటు వైపే చూస్తూ.

దొర తనెవరో పోల్చుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. కథ అయ్యాక కళ్ళజోడు తుడుచుకుని ఇంగ్లీషులో అడిగాడు: "ఈ కథ మీరు ఎప్పుడూ ఇలాగే చెబుతారా?"

బావ తెలుగులో అడిగాడు. కథకుడు మీసం దువ్వి, "అచ్చరం పొల్లు పోదండి దొరగోరూ" అన్నాడు.

దొర బావ వైపు తిరిగాడు, ఏమంటున్నాడని.

ఒక్క వాక్యం. 'మాటకి మాట అలాగే చెబుతానంటున్నాడు' అంటే సరిపోతుంది. తను రాసింది నిలబడుతుంది. దొర చేతిలో వెనకటి కథ లేదు, సరిచూసుకునే వీల్లేదు. కాగితాలు లోపల పెట్టెలో ఉన్నాయి. నేను బావని గిల్లాను కూడా.

బావ నా చెయ్యి తీసేశాడు. "ఈయన మాటని మీకు రాసినప్పుడు నేను తప్పుగా అర్థం చేసుకున్నాను" అని మొదలెట్టాడు. పొల్లంటే తనకేమిటో, చేలో ఏమిటో చెప్పాడు. మాటలు చాలక లోపలికి కేకేశాడు. అక్కయ్య చేట పట్టుకొచ్చి, ఆయన ముందే నాలుగు గుప్పిళ్ళు బియ్యం పోసి ఎగరేసి చూపించింది. పసుపు గుర్తుల కాగితాలు తెచ్చి దొర ఒళ్ళో పెట్టింది. "అటుకుల సంగతి కూడా చెప్పండి" అంది, తల దించుకుని.

బావ అటుకులూ చెప్పాడు, పెసరట్టూ చెప్పాడు. దొర వింటున్నాడు, కాగితాలు తిప్పుతున్నాడు, పసుపు మీద వేలు పెట్టి చూస్తున్నాడు.  నేను గుడివాడ రైలుకి ఇంకా టైముందా అని చూసుకుంటున్నాను.

ఉన్నట్టుండి దొర లేచి నిలబడి, కథకుడికి నమస్కారం పెట్టి, "మీరు మీ కథ చెప్పారు, నేను మాది చెబుతాను" అన్నాడు. కళ్ళు మూసుకుని గ్రీకు పద్యం ఎత్తుకున్నాడు.

మా బావ పంపు దగ్గర వల్లించినదానిలాగే ఉంది, కాని ఇది నడుస్తోంది, పరిగెడుతోంది. గురువు మీద నిలుస్తోంది, లఘువుల మీద దూకుతోంది. నాలుగు పాదాలయ్యేసరికి బామ్మరిది వేళ్ళు వాటంతట అవే గుమ్మెట మీద పడ్డాయి. దరువు సరిగ్గా కుదిరింది. దొర గొంతు ఇంకాస్త పెరిగింది. పెరిగి పెరిగి, ఒకచోట చటుక్కున ఆగిపోయింది. మర్చిపోయాడు. కళ్ళు తెరిచి గాలిలోకి చూస్తున్నాడు.

వంతపాడేవాడి పనేమిటి? కథకుడు ఆగితే నిలబెట్టడం. బామ్మరిది దరువు ఆపకుండా, మహా భక్తిగా,

"తందాన తాన... తందాన తాన..." అన్నాడు.

గుడ్డికవికి తందాన అన్న మొదటి మనిషి మా జిల్లావాడే. దీనికి నేను సాక్షిని. రెండు తందానాలు అయ్యేసరికి దొరకి పాదం గుర్తొచ్చింది. అందుకున్నాడు. చివరిదాకా చెప్పాడు. నేను బావ వైపు చూశాను. పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేకుండా దొరతో పాటు ఆయన కూడా చెబుతున్నాడు, ఒక్క మాట తప్పకుండా. ఇన్నేళ్ళూ ఒంటరిగా పలికింది సరిగ్గానే పలికాడన్నమాట.

దొర కూడా చూశాడు అది. కూర్చుని, మంచినీళ్ళు తాగి అన్నాడు: "మీ వ్యాసంలో మొదటి సగం చించెయ్యండి. ఇప్పుడు చెప్పింది రాయండి. జూన్‌లో మద్రాసు రండి." లేవబోతూ మళ్ళీ అన్నాడు, "ఆ చేట కూడా తెచ్చుకోండి."

కథకుడు నా చెవిలో అడిగాడు: "ఏంటంటాడు బాబూ? మనోడి కతేనా అది?"

"అలాంటిదే. వాళ్ళదీ ఎత్తుకుపోయిన భార్యని పడవలెక్కి వెళ్ళి తెచ్చుకునే కథే."

"నడకలో తేడా లేదులే" అన్నాడాయన. "మనదే అయ్యుంటది. మునుపు మన రేవునుంచి అటెళ్ళిన ఓడలోళ్ళు పట్టుకుపోయుంటారు." ఆ మాట మద్రాసులో ఎవరితోనూ అనొద్దని బావ బతిమాలుకున్నాడు.

జూన్‌లో వాళ్ళు వెళ్ళిపోయారు. చేట పరుపుచుట్టలో పెట్టి తీసుకెళ్ళింది అక్కయ్య. ఇప్పుడు అక్కడి పిల్లలు ఇద్దరు ముగ్గురు బావ దగ్గర గ్రీకు చదువుకుంటున్నారు. సెలవులకొచ్చినప్పుడు వాళ్ళని వెంటబెట్టుకుని పులిగడ్డ రేవు దాటి, తలా ఒక ఊళ్ళో కథలు రాసుకుంటున్నారు. కృత్తివెన్ను వైపు ఒక ముసలమ్మ దగ్గర కొత్త కథ దొరికిందని పోయినసారి బావ నాకు అరగంట చెప్పాడు. ఏటేటా గుండెలు చిక్కబట్టుకున్న మనిషేనా ఈయన అనిపించింది. దివిరాజు కథలో మాత్రం ఆ ముని అలాగే ఉండిపోయాడు. నడిసముద్రపు తిప్ప కాస్తా మా తీరంలో పాలకాయతిప్ప అయింది, అక్కడ కూర్చుని ఇప్పటికీ దారి చూపిస్తున్నాడు.

ఇక్కడితో ఆపితే హల్వాకి ఢోకా లేదు. కాని ఇది రాసి అక్కయ్యకి వినిపిస్తే, సాంతం విని, "ఒట్టేశావుగా, మరి ఆ దొరెవర్రా?" అంది. కాబట్టి చెప్పేస్తున్నాను.

దొర లేడు. హ్యాటు లేదు, ఎర్రముక్కు లేదు. అవి నేను పెట్టినవి. ఆ ప్రొఫెసరుది తంజావూరు. ఇంగ్లండులో గ్రీకు చదివొచ్చాడు. కథలో ముని నెత్తిన నిజంగా ఉన్నది తలపాగా, నుదుట విభూతి. బావ ఇంగ్లీషులో చెప్పాడన్నదీ నా కల్పనే. ఆయనకి తెలుగొచ్చు, తంజావూరు తెలుగు. అయితే పొల్లు పోవడం అన్న మాట వాళ్ళవైపు లేదుట. అది మాత్రం బావ విడమరిచి చెప్పాల్సొచ్చింది. చేట నిజం. తందాన నిజం. ఆ ప్రొఫెసరు అక్కయ్య దగ్గర రసం రెండోసారి అడిగి వేయించుకున్నాడు, అది రాయలేదు. దొర రసం అడిగితే మీరు నమ్మరని.

ఎందుకు మార్చానంటారా? గ్రీకు ప్రొఫెసరు అనగానే మీ అందరికీ హ్యాటే కనిపించింది. నేను దాన్ని నెత్తిన పెట్టానంతే. మా బావకీ అలాగే కనిపించింది. ఆ రోజు బందరు స్టేషన్లో ఫస్టుక్లాసు పెట్టె దగ్గర నిలబడి, టోపీ కోసం వెతుకుతున్నాడు. వెనక థర్డుక్లాసులోంచి పంచె ఎగ్గట్టుకుని, చేతిలో మరచెంబుతో, నల్లటి పొట్టి మనిషి దిగొచ్చి, "మీరేనా గ్రీకు పంతులు?" అని తెలుగులో అడిగాడు.

బావ ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. తన పంచె చూసుకున్నాడు. నా భుజం గట్టిగా పట్టుకుని, "ఒరేయ్, ఈయనట్రా!" అన్నాడు.

అప్పటి బావ మొహం రాయడం నాకు చేతకాలేదు. అందుకే దొరని పెట్టాను.